నాలుగో పాటలో రెండు దెబ్బలు

కూర్మయ్య ఒక ముసలి మోటారు సైకిలుకి చైను బిగిస్తుంటే నాగవల్లి ఫోను పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. "మా అన్న. ఇప్పుడే మాటాడాలట," అంది. కూర్మయ్యకి డెబ్భై దాటాయి. కౌలాలంపూర్‌కి ఉత్తరాన సుంగై సిపుట్ అనే ఊళ్లో ఆ షెడ్డు పెట్టి నలభై ఏళ్లు కావస్తోంది. ఇక చాలించి ఇంట్లో కూర్చోమని అందరూ అంటారు గానీ, ఇంట్లో కూర్చుంటే పెళ్లాం పప్పు ఏరమంటుంది, అంతకంటే చైన్లే నయమని ఆయన ఉద్దేశం. చేతులు గ్రీజుమయం కాబట్టి ఫోను తన చెవికి ఆనించి పట్టుకోమన్నాడు.

"ఇన్నావేటి కూర్మా!" జార్జ్ టౌన్ నుంచి మోహన్‌రాజ్ గొంతు షెడ్డంతా వినబడింది. "ఆ బ్రెజిల్ పియానో సేర్పా మళ్లీ రికార్డింగులు సేసినాడు! ఎనభై ఆరేళ్లకి! అన్నీ బోసా నోవాలే. మనం వాయించినయ్యే!"

"ఇంకా బతికున్నాడా బావా?" అన్నాడు కూర్మయ్య, నిజంగానే ఆశ్చర్యపోయి.

"బతికుండడవేటి, సెయ్యి ఇంకా వెన్నలాగ ఉందిలే. అన్నీ బాగున్నాయి. ఆ నాలుగోది ఒక్కటే పాడు సేసినాడు. మద్దిలో రెండు దెబ్బలు ఎక్కువ ఏసినాడు. వయసు మరి! మర్సిపోయినట్టున్నాడు, పాపం."

గుడ్డతో వేళ్లు తుడుచుకుంటున్న కూర్మయ్య ఆగిపోయాడు. "అవునా బావా," అన్నాడు, అంతే.

ఆ "అవునా" వెనక ఎంత ఉందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వీళ్లిద్దరూ తెలుక్ ఇంటాన్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేట్లో పుట్టారు. మోహన్‌రాజ్ ఎస్టేట్ గుమాస్తా కొడుకు. కూర్మయ్య తల్లిదండ్రులు కొబ్బరికాయలు ఒలిచేవాళ్లు. శనివారం రామభజన మందిరంలో ఒకడు హార్మోనియం, ఒకడు మద్దెల. తరవాత మోహన్‌రాజ్ పియానో నేర్చి, జార్జ్ టౌన్‌లో సముద్రం పక్క హోటల్లో సాయంత్రాలు వాయించే ఉద్యోగం సంపాదించాడు. సంపాదించినవాడు ఒంటరిగా వెళ్లలేదు. కూర్మయ్యని వెంటబెట్టుకు వెళ్లి డ్రమ్ముల ముందు కూర్చోబెట్టాడు. అంతటితో ఆగాడా? ఇంట్లో పెద్దవాళ్లందరూ కారాలూ మిరియాలూ నూరుతుంటే, పట్టుబట్టి తన చెల్లెలు నాగవల్లిని ఇచ్చి పెళ్లి చేశాడు. అందుకే కూర్మయ్యకి బావంటే ప్రాణం. బావంటే కోపం కూడా, ఆ సంగతికి ఇప్పుడే వస్తాను.

హోటల్లో చేరిన కొత్తలో పాత సామాన్ల సంతలో వాళ్లకి ఒక బ్రెజిల్ రికార్డు దొరికింది. ఓడ దిగిన నావికుడెవడో అమ్ముకుపోయి ఉంటాడు. అట్ట మీద పియానో ముందు బక్కపల్చటి కుర్రాడు, పేరు ఇవాల్దో సేర్పా. అందులో ఉన్నదంతా బోసా నోవా. అంటే బ్రెజిల్ వాళ్ల హోరెత్తే సంబా పాటనే తీసుకుని, పక్క గదిలో పసిపాప నిద్రపోతోందన్నంత మెల్లగా వాయించడం. హడావిడి లేదు, గొడవ లేదు. డ్రమ్ముల వాడి పని కర్రలు పక్కన పెట్టి బ్రష్షుతో డ్రమ్ము చర్మాన్ని నిమరడమే. ఎస్టేట్లో మద్దెల మీద బలమంతా చూపించి పెరిగిన కూర్మయ్యకి అంత మెత్తగా కొట్టడం చేతనవడానికి ఏడాది పట్టింది. చేతనయ్యాక మాత్రం ఆ ఊళ్లో ఆయన్ని మించినవాడు లేడు. గాజు తలుపుల అవతల సముద్రం నల్లబడుతుండేది, అటూ ఇటూ పోయే ఫెర్రీల దీపాలు వెలిగేవి, వెనక బల్ల దగ్గర కొత్త పెళ్లికూతురు నాగవల్లి కాఫీ చల్లారబెట్టుకుంటూ కూర్చునేది. జీవితంలో తనకి దక్కిన మంచిరోజులు అవేనని కూర్మయ్య ఈ రోజుకీ అనుకుంటాడు.

పాటల పేర్లు వాళ్లకి చదవడం రాదు కాబట్టి మొదటిది, రెండోది అని అంకెలతోనే పిలుచుకునేవారు. అందరికీ ఇష్టమైంది నాలుగోది. సరిగ్గా ఆ నాలుగోదాని మధ్యలోనే రికార్డు మీద ఒక గీత. అక్కడికి రాగానే గ్రామఫోను ముల్లు సన్నగా ఎగిరి ఒక చుట్టు ముందుకి పడేది. ఆ పాట నడకా, పళ్లెం తిరిగే వేగమూ ఎలా కుదిరాయో గానీ, ఎగిరిన ప్రతిసారీ మాయమయ్యేవి రెండు దెబ్బలే. తాళం తూలేది కాదు. రాగం మాత్రం చివరి మెట్టు మీద కాలు పెట్టకుండానే నేల మీదకి దిగిపోయేది. మోహన్‌రాజ్ ఆ దిగడం చూసి మురిసిపోయాడు. "సూసినావా, బ్రెజిలోడి తెలివి!" అని అచ్చం అలాగే ఎత్తుకున్నాడు.

రికార్డు తుడిచే పని కూర్మయ్యది. ఆ గీత చూశాడు. ముల్లు ఎగరడం కూడా చూశాడు. అయినా నోరు మెదపలేదు. ఎందుకంటే ఎస్టేట్ మందిరంలో ఆయనకి మద్దెల నేర్పిన అప్పలస్వామి తాత మొదటి రోజే ఒక మాట చెప్పాడు: "ముందు పాడేవోడు తప్పితే ఆడితోపాటు నువ్వూ తప్పు. అందరూ తప్పితే ఇన్నోడికి అది తప్పులాగ ఉండదు. ఆడు అడిగితే సెప్పు. అడక్కుండా సెప్పకు." భజన మందిరానికి అది మంచి పద్ధతే. హోటల్లో పనికొస్తుందా లేదా అని కూర్మయ్య ఆలోచించలేదు. బావ అడిగినప్పుడు చెబుదామనుకున్నాడు. బావ అడగలేదు. ఏళ్లు గడిచాయి. ఊళ్లో మిగతా బ్యాండ్లు కూడా వీళ్ల దగ్గర విని అలాగే నేర్చుకున్నాయి. ఆ రోజుల్లో సేర్పా స్వయంగా వచ్చి ఆ పాట వాయించినా, తప్పు వాయించాడని జార్జ్ టౌన్ జనం నవ్వి ఉండేవారు.

ఒక మధ్యాహ్నం కౌలాలంపూర్ నుంచి రికార్డింగ్ కంపెనీ మనిషి వచ్చాడు. నచ్చితే వీళ్లతో ఒక రికార్డు తీస్తాడు. నాలుగోది విని, చెయ్యెత్తి ఆపాడు. మధ్యలో ఏదో తక్కువైందన్నాడు. మోహన్‌రాజ్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వెనక్కి తిరిగి డ్రమ్ముల వైపు చూశాడు. నవ్వుతూ, "మావోడు ఎస్టేట్ పిల్లోడండి, అప్పుడప్పుడు లెక్క తప్పతాడు," అన్నాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు. కానీ మనసులో ఏమీ లేకుండా అన్న మాట మరింత గుచ్చుకుంటుంది. కూర్మయ్య తల దించుకున్నాడు. ఆ రికార్డు రాలేదు. ఏడాది తిరక్కుండా ఆయన బ్రష్షులు ఎవరికో ఇచ్చేసి సుంగై సిపుట్ వచ్చి షెడ్డు పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకీ చావులకీ బావా బావా అనుకుంటూనే ఉన్నారు. పాట ఊసు మాత్రం ఎత్తలేదు.

ఫోను పెట్టేశాక కూర్మయ్య షెడ్డు తలుపు సగం దించి, నాగవల్లి చేత సేర్పా రికార్డింగులు పెట్టించుకున్నాడు. చిన్న ఫోనే, అయినా మొదటి పాటకే కళ్లు చెమ్మగిల్లాయి. అట్ట మీది కుర్రాడు ముసలివాడయ్యాడు, వేళ్లు నెమ్మదించాయి, కానీ మెత్తదనం అలాగే ఉంది. సేర్పా కూడా వాళ్ల దేశంలో తన బోసా నోవా రోజుల్నే తలుచుకుంటూ వాయించాడని కూర్మయ్యకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నాలుగోది వచ్చింది. ముల్లు ఎగిరే చోటు వచ్చింది. ముల్లు లేదు, గీత లేదు. ఆ రెండు దెబ్బలూ హాయిగా, ఏ తొందరా లేకుండా నడిచి వెళ్లాయి. కూర్మయ్య ముక్కు తుడుచుకుని మళ్లీ పెట్టమన్నాడు.

"మా అన్న ముసలాయన్ని తప్పంటన్నాడు గదా," అంది నాగవల్లి. ఆవిడకి అంతా తెలుసు. "ఇప్పుడైనా సెప్పీ. నలభై ఏళ్లుగా కడుపులో ఎట్టుకుని నువ్వేటి బావుకున్నావు?"

"అడగనీ, సెప్తాను."

"అడక్కపోతే?"

కూర్మయ్య వంగి మళ్లీ చైను అందుకున్నాడు. ఆయనకి కావలసింది క్షమాపణ కాదు. లెక్క తెలిసినవాడివి, నువ్వేమంటావని బావ ఒక్కసారి అడగాలి. ఇద్దరికీ మిగిలిన కాలం ఎంతో తెలియదు. అడక్కుండానే పోతాడేమోనని కొన్నాళ్లుగా ఆయనకి లోపల గుబులుగా ఉంది.

రెండు రోజుల తరవాత మళ్లీ ఫోను. హైదరాబాద్ నుంచి కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చి, ఆ ఉద్యోగం మానేసి జార్జ్ టౌన్‌లో కాఫీ షాపు పెట్టిన చాందిని అనే అమ్మాయి ఆదివారం మధ్యాహ్నాలు పాత సంగీతం వినిపిస్తుందట. ఈసారి సేర్పా రికార్డింగులు పెడుతుందట. ఒకప్పుడు ఊళ్లో వాటిని వాయించిన ఇద్దరూ వచ్చి ఒక్క పాట వాయించాలట. "నాలుగోదే వాయిద్దాం. వారం ఆగి ఆదివారం. బేగి వచ్చీ," అని మోహన్‌రాజ్ హుకుం జారీ చేశాడు. అడగడం ఆయనకి అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదని కూర్మయ్య నవ్వుకున్నాడు, కాస్త చేదుగానే.

ఆదివారం నాగవల్లి పట్టుచీర కట్టుకుని బయల్దేరింది, అన్నగారి పెళ్లికి వెళ్తున్నట్టు. కాఫీ షాపులో ముప్పై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది కుర్రకారు, చైనీయులు, తమిళులు, ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్లు. మోహన్‌రాజ్ తెల్లటి చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, పక్కన చేతికర్ర. మనిషి బాగా తగ్గిపోయాడు. మామూలుగా అయితే తలుపు దగ్గరే కూర్మయ్య వీపు మీద ఒకటి చరిచేవాడు. ఈసారి చెయ్యి పట్టుకుని, ఏదో అనబోయి, "తిన్నావేటి?" అని ఊరుకున్నాడు.

చాందిని రికార్డింగులు పెట్టింది. నాలుగోది వచ్చేసరికి కూర్మయ్య నేల చూపులు చూశాడు. బావ మొహం చూస్తే తెలిసిపోతుంది, ముసలాయన తప్పు చేశాడని ఇంకా అనుకుంటున్నాడో లేదో. తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు. అడగలేదు కదా, అలవాటు ప్రకారం బావతోపాటే తప్పుదామని నిర్ణయించుకుని లేచి డ్రమ్ము ముందుకి వెళ్లాడు.

మోహన్‌రాజ్ మొదలుపెట్టాడు. కూర్మయ్య బ్రష్షు ఆనించాడు. నలభై ఏళ్ల తరవాత కూడా చేతికి ఆ మెత్తదనం గుర్తుంది. నాలుగు వరసలు నడిచేసరికి కాఫీ షాపూ జనమూ ఎటో పోయి, గాజు తలుపులూ నల్లబడుతున్న సముద్రమూ మిగిలాయి. పాట నిలబడింది. ముల్లు ఎగిరే చోటు దగ్గరకొచ్చింది. కూర్మయ్య ఎగిరాడు.

బావ ఎగరలేదు.

ఆ రెండు దెబ్బలూ సేర్పా వాయించినట్టే తీరిగ్గా వాయిస్తూ మోహన్‌రాజ్ ఇంకా ఆ వరసలోనే ఉన్నాడు. కూర్మయ్య తరవాతి వరసలోకి దిగిపోయి ఒంటరిగా నిలబడ్డాడు. రెండూ ఢీకొని పాట చెదిరిపోయింది. జీవితంలో మొదటిసారి కూర్మయ్య నిజంగానే లెక్క తప్పాడు. పియానో ఆగింది. మోహన్‌రాజ్ మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆ తిరగడం కూర్మయ్యకి బాగా తెలుసు.

"ఎగిరినావేటి?" అన్నాడు మోహన్‌రాజ్. గొంతులో కోపం లేదు.

"నువ్వు ఎగరతావనుకున్నాను బావా."

"ఈ పది రోజులూ పొద్దస్తమానం అదే ఇంటన్నాను కూర్మా. ముసిలోడేటీ మర్సిపోలేదు. మన రికార్డుకే గీత పడింది." జనానికి ఆ తెలుగు అర్థం కాదు, అయినా ఆయన గొంతు తగ్గించాడు. "నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ముల్లు ఎగిరినప్పట్నుంచీ."

మోహన్‌రాజ్ పియానో అంచు మీద చెయ్యి ఆనించాడు. "ఆ కౌలాలంపూర్ నుంచి వచ్చినోడి ముందర నిన్ను అంత మాటన్నాను. అప్పుడైనా సెప్పలేదేటి?"

"నువ్వడగలేదు బావా."

వెనక నాగవల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. చాందిని ముందుకొచ్చి, "అంకుల్, కొంచెంసేపు రెస్ట్ తీసుకుంటారా?" అంది. మోహన్‌రాజ్ అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి, కుర్చీ పూర్తిగా కూర్మయ్య వైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు అడగతన్నాను. ఎలాగ వాయిద్దాం?"

నీ ఇష్టం బావా అనే మాట అలవాటుగా కూర్మయ్య నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. ముక్కు ఎగబీల్చి, బ్రష్షు సర్దుకున్నాడు.

"ముందొకసారి ఆయన లాగ," అన్నాడు. "తరవాత మన లాగ."

మోహన్‌రాజ్ బుద్ధిగా తలూపి పియానో వైపు తిరిగాడు. చేతులు మీటల మీద ఆనించి, కూర్మయ్య లెక్క చెప్పేదాకా అలాగే ఆగాడు.