బురద మేట మీద ఆదివారం

“నీకు పిట్టల గురించి ఏదో తెలుసని కాదులే. పాపని చూసుకోడానికి ఎవరో ఒకరుండాలిగా, రా,” అన్నాడు భర్త, దుర్బీను అద్దాలు తుడుచుకుంటూ. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరో ఆ ఇంట్లో అడగక్కర్లేదు.

ఆదివారం చీకటితోనే లేచి, ముగ్గురికీ తిండి కట్టి, పాపకి బట్టలు సర్ది, ఆయన టోపీ వెతికిపెట్టి కారెక్కిందామె. వారమంతా ఆఫీసులో పై అధికారి “మీరైతే ఓపిగ్గా చేస్తారు” అంటూ తన పని కూడా ఆమె బల్ల మీదకే తోస్తాడు. ఇంట్లో అత్తగారు “మా కోడలికి ఓపికెక్కువ” అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది. ఓపిక అన్న మాట వింటేనే ఈ మధ్య ఆమెకి ఒళ్లు మండుతోంది.

ఆటుకి సముద్రం వెనక్కి పోయి, కనుచూపు మేరా తడి బురద మెరుస్తోంది. పొద్దెక్కకముందే ఎండ నెత్తి మాడుస్తోంది. దూరంగా పిట్టలు ముక్కులతో బురద కెలుకుతున్నాయి. చూడాలని ఆమెకీ ఉంది. కానీ భర్త చేరిన, పిట్టల్ని చూసే క్లబ్బు వాళ్లు ఒకచోట గుమిగూడినప్పుడల్లా పాపకి ఉచ్చ వస్తుంది, లేదా చెప్పులో ఇసుక పడుతుంది. “కాస్త దూరం తీసుకెళ్లు, దాని ఏడుపుకి పిట్టలు బెదురుతాయి,” అంటాడు భర్త. ఒక్కసారి మాత్రం దుర్బీను ఆమె చేతికిచ్చాడు. “చక్రం అటు తిప్పు... అటు కాదు... అబ్బ, ఇలా ఇయ్యి!” అని లాక్కుని, తనే చూసి, “భలే ఉంది!” అన్నాడు.

ఇంతలో, క్లబ్బుకి పెద్దదిక్కయిన రిటైర్డు సైన్సు మాస్టారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. ఎదురుగా ఇసుక రంగు పిట్ట ఒకటి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడుస్తోంది. దాని వెనక, బొటనవేలంత పిల్లలు ఇసుకలో నక్కి ఉన్నాయి.

“మనల్ని తనవైపు మళ్లించడానికి ఆ నాటకం,” అన్నారు మాస్టారు మెల్లగా.

“చూశారా తల్లి మనసు!” అన్నాడు భర్త గద్గదంగా, ఆమె వైపు అర్థవంతంగా చూస్తూ.

“తల్లి కాదండీ, తండ్రి. మెడ పక్కన నల్లమచ్చ ఉంది చూడండి. వీటిలో పిల్లలు బయటికొచ్చాక తల్లి చాలాసార్లు వెళ్లిపోతుంది. పెంపకం తండ్రిదే.”

“అయ్యో! పసిపిల్లల్ని వదిలేసి ఎలా పోతుందండీ?” అన్నాడు భర్త.

“తండ్రున్నాడుగా,” అన్నారు మాస్టారు.

ఆమెకి నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా పైకే వచ్చేసింది. అందరూ తిరిగి చూశారు. భర్త ముఖం గంటు పెట్టుకుని, “పిట్టలకి సంసారాలేమిటిలెండి,” అన్నాడు.

“పోటు రాకముందే ఆ చివరి మేట దాకా వెళ్లొద్దాం, అక్కడ పెద్ద గుంపుంది,” అన్నారు మాస్టారు.

“నువ్వు పాపతో కారు దగ్గరుండు,” అన్నాడు భర్త, అలవాటుగా.

ఆమె పాప చేతిని ఆయన చేతిలో పెట్టింది. ఆయన మెడలోంచి దుర్బీను తీసి తన మెడలో వేసుకుంది.

“నేను వెళ్లొస్తాను.”

“నువ్వా? ఇది నా దగ్గరుంటుందా?”

“మీ కూతురేగా. ఉంటుంది.”

పాప ఏడుపు అందుకుంది. ఆమె కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఆ ఏడుపుకి వెనక్కి వెళ్తే ఇంకెప్పటికీ ఇంతే అనిపించింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని బురదలోకి దిగింది.

“ఇదిగో, నిన్నే! దాని నీళ్ల సీసా ఎక్కడ పెట్టావ్?” అని అరిచాడాయన.

“సంచిలోనే ఉంది. వెతుక్కోండి,” అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.