మంచం కింద చప్పుడు

వాన్ షెడ్డులోకి వచ్చి ఆగినా ఆమె వెనక మంచం మీంచి వెంటనే లేవలేదు. బండి ఆగాక కూడా ఒళ్ళు కాసేపు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు సద్దుమణిగాక ఒక చెయ్యి నడుముకు ఆనించి, రెండో చేత్తో పొయ్యి గట్టు పట్టుకుని దిగింది.

భర్త అప్పటికే మెకానిక్కుతో మాట్లాడుతున్నాడు.

"ఇంజనుకేం ఢోకా లేదయ్యా, గుర్రం! మా ఆవిడ చెవుల్లోనే ఏదో టకటకమంటోందట."

"నా చెవుల్లో కాదండీ, మంచం కింద," అంది ఆమె. ఈ మాట అనీ అనీ నోరు అరిగిపోయింది. ఇప్పుడు కోపంతో కూడా అనలేదు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన ఈ పాత వాన్ కొన్నాడు. లోపలే మంచం, పొయ్యి, చిన్న బీరువా. ఓపికున్నంత కాలం తిరుగుదామన్నాడు. ఆమె కూడా సరదాపడే బయల్దేరింది. మొదట్లో ఆయన పక్కనే కూర్చునేది. తర్వాత నీళ్ళ డ్రమ్ముకు చోటు చాలక ఆయన ఆ సీటు పీకేశాడు. అప్పట్నుంచి ఆమె ప్రయాణమంతా వెనక మంచం మీదే. పక్క కిటికీలోంచి దాటిపోయే దారిని చూడ్డమే తప్ప ఎదురొచ్చే దారిని చూసి ఎన్నాళ్ళయిందో.

ఇక చాలనిపిస్తోంది ఆమెకి. కదలని గోడలున్న ఒక్క గది కావాలి. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక మెకానిక్కు మీద ఆశ పెట్టుకుంది. ఇది ఇక పనికిరాదు, అమ్మేసుకోండి అని అతనంటే తను నోరు విప్పే పనుండదు.

మెకానిక్కు బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. కింద దూరి చూశాడు. లేచి గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు.

"నిలబెట్టి వింటే తేలదు, ఒక చుట్టు తిరిగొద్దాం. అమ్మా, మీకు నడపడం వచ్చా?"

"వచ్చు. బయల్దేరిన కొత్తలో ఈయన కంటి ఆపరేషన్‌ అప్పుడు నేనే నడిపాను."

"అయితే మీరు స్టీరింగు దగ్గర కూర్చోండి. పెద్దాయనా, మీరెళ్ళి మంచం మీద పడుకోండి."

"నేనెందుకయ్యా?"

"చప్పుడు లేదన్న మనిషిని, ఉందన్న మనిషి చోట్లో పడుకోబెడతాను. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి."

"మిగతా సగం?"

"వాటికి పానా తీస్తాను."

గొణుక్కుంటూ ఆయన వెనక్కెళ్ళాడు. మెకానిక్కు డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె బండిని మార్కెట్టు వెనక అతుకుల రోడ్డు మీదికి తిప్పింది.

ఇంజను గుర్రుమంటోంది. డ్రమ్ములో నీళ్ళు తొణుకుతున్నాయి. టకటక మాత్రం లేదు.

"ఆగిపోయినట్టుందే!"

"ఆగలేదమ్మా. ఇక్కడికి వినపడదు, అంతే."

ఇన్నాళ్ళూ ఆయన వినీ విననట్టు నటిస్తున్నాడనుకుంది. ఆయనకు నిజంగానే వినపడలేదన్నమాట. కోపమైనా మిగల్లేదు.

బండి గుంతలో పడింది.

"అబ్బా! నెమ్మదిగా పోవే బాబూ!"

"నెమ్మదిగానే పోతున్నానండీ. మీరైతే దీనికి రెండింతలు పోతారు."

ఇంకో గుంత వచ్చింది. ఈసారి వెనక నుంచి, "ఇదేనా ఆ టకటక!" అని వినపడింది.

షెడ్డుకు తిరిగొచ్చాక ఆయన ఒక చెయ్యి నడుముకు ఆనించి, రెండో చేత్తో పొయ్యి గట్టు పట్టుకుని దిగాడు.

"ఇంజను మంచిదే పెద్దాయనా, మీ మాట నిజం," అన్నాడు మెకానిక్కు. "కానీ అది కూర్చునే రబ్బరు దిమ్మలు చచ్చిపోయాయి. యాక్సిలేటరు నొక్కినప్పుడల్లా ఇంజను పక్కకి వాలుతోంది, దాంతోపాటు పొగ గొట్టం ఊగి మంచం కింద రేకుని కొడుతోంది. అమ్మ మాటా నిజమే. కుదుపులు ఆపాల్సిన కమాన్ల బుష్షులు అరిగిపోయాయి, షాకబ్జర్లలో ఏమీ మిగల్లేదు. అన్నీ మార్చేస్తే ఇంకా చాలాకాలం తిరగొచ్చు. మార్చమంటారా?"

అయిపోయింది అనుకుంది ఆమె. ఇప్పుడు ఆయన ఎప్పటిలా 'కానియ్' అంటాడు, మళ్ళీ మొదలు.

ఆయన అనలేదు. ఆమె వైపు చూశాడు. "నువ్వేమంటావు?"

"మార్చమనండి," అంది ఆమె. తర్వాత మెల్లగా అంది, "కొనేవాళ్ళు కూడా ఆ మంచం మీదే కదండీ పడుకోవాలి."

మెకానిక్కు పానాల డబ్బాలో తల దూర్చి ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"అమ్మేద్దామంటావా?"

"అలిసిపోయానండీ."

ఆయన పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"ముందే చెప్పకపోయావా?" అన్నాడు. మళ్ళీ తనే, "చెప్పావులే. చెవుల్లో అన్నాను."

ఆమె వచ్చి పక్కనే కూర్చుంది.

"గది వెతుక్కోవడానికైనా దీంట్లోనే పోవాలిగా. ఆ పక్క సీటు ఉందా, పారేశారా?"

"ఉంది," అన్నాడు ఆయన సిగ్గుపడుతూ. "మంచం కిందే."

అని నడుము పట్టుకుని లేచి, దాన్ని బయటికి లాగడానికి లోపలికెళ్ళాడు.