ఎనిమిదేళ్ళు ఎక్కువ

"కువైట్‌లో కూడా ఇట్టానే తోముతావా గిన్నెలు? అడుగున మసి అట్టనే ఉండాది" అన్నది అత్త రాహేలమ్మ, మంచం దిగకుండానే.

సుకుమారి నీళ్ళు కాచే తపేలాను బోర్లించి, కొబ్బరి పీచుకు బూడిద అద్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది. కువైట్‌లో తోమిన గిన్నెలు గుర్తుకొచ్చాయి. అక్కడ మూడంతస్తుల ఇల్లు, తొమ్మిదిమంది మనుషులు. బట్టలు ఉతికే మిషన్ పక్కనే ఆమె పరుపు. ఫోన్ శుక్రవారం గంటసేపు. అదేమీ స్వర్గం కాదు, ఎవరడిగినా కాదనే చెప్తుంది. కానీ అక్కడ ఈ తోమడాన్ని పని అనేవాళ్ళు. ఒళ్ళు నొప్పి పుడితే పని చేసినందుకు నొప్పి అని ఆమెకైనా తెలిసేది. ఇక్కడ పొద్దున బర్రె దగ్గర మొదలైతే రాత్రి దోమతెర కట్టేదాకా చేసేదానికి పేరే లేదు. సాయంత్రం యేసుబాబు ఇంటికొచ్చి "పొద్దస్తమానం ఏం చేస్తా ఉండావ్?" అంటే, ఏం చెప్పాలో నిజంగానే తోచేది కాదు.

పెళ్ళయిన కొత్తలో యేసుబాబు ఉదయగిరి బస్టాండులో ఆటో తిప్పేవాడు. ఆమె కువైట్ పోయిన ఏడాదికి ఆటో అమ్మేశాడు. అడిగితే "ఇంక దేనికి?" అన్నాడు. ఆ మాటకు అప్పుడు ఆమెకు సంతోషమే కలిగింది. మొగుణ్ణి సుఖపెట్టానని అనుకుంది పిచ్చిది.

ఆమె పోయింది రెండువేల పన్నెండులో. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, అశ్వితకు మూడు. చదువులేని ఆడవాళ్ళను ముప్పై దాటందే ఇంటిపనికి ఆ దేశాలకు పంపకూడదని మన సర్కారు రూలు. ఏజెంటు మల్లికార్జున ఈ గడపలోనే కూర్చుని కాఫీ ఊదుకుంటూ చెప్పాడు. "ఇరవై నాలుగైతే ఏంది ఇప్పుడు? ముప్పై రెండు చేద్దాం. పుట్టింది ఎనభైలో అని రాయిస్తే అయిపాయె."

"వయసుదేముంది అన్నా, వేస్తే పడతాది" అని యేసుబాబు నవ్వాడు. అందరూ నవ్వారు. సుకుమారి కూడా నవ్వింది. ఆ వీధిలో ఆమె ఒక్కతే కాదు మరి, అట్లా పోయినవాళ్ళు ఇంకో నలుగురున్నారు. చర్చిలో కలుసుకుంటే ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకునేవాళ్ళు. "మోకాళ్ళ నొప్పులా? ఇంటి వయసుకా, పాసుపోర్టు వయసుకా?"

నవ్వనిది ఒక్క ఆనందమ్మే. తల్లి లేని సుకుమారిని పెంచిన అవ్వ ఆమె. చదువు రాదు కానీ, ఏ ఇంట్లో ఏ బిడ్డ ఎప్పుడు పుట్టిందో, ఆ పూట పొయ్యి మీద ఏం ఉడుకుతుండిందో కూడా చెప్పగలదు.

"మీ తాత సోమశిల డ్యాము కాడికి రాళ్ళ పనికి పోయిన యేడు, కందులు కొట్టే రోజుల్లో పుట్టినావు నువ్వు. కళ్ళం మీంచి పరిగెత్తుకుంటా వచ్చినాను, కొంగులో కంది పొట్టు కూడా దులుపుకోలా. ఇప్పుడు వీళ్ళు ఎనిమిదేళ్ళు యాడినుంచి తెచ్చినారే? ఆ ఎనిమిదేళ్ళు నిన్ను ఎవురు సాకినారంట?"

"ఉత్త కాగితమే లే అవ్వా" అన్నది సుకుమారి.

"కాగితం అంటే మాటలా" అని ఆనందమ్మ ఏడ్చింది, ఆ పూట అన్నం తినలేదు.

ఎనిమిదేళ్ళు ఆ కాగితం మీదే గడిచాయి. రెండేళ్ళకొకసారి రావడం, పోవడం. రెండువేల ఇరవై ఫిబ్రవరిలో రెండు నెలల సెలవు మీద వచ్చింది. మార్చిలో కరోనా అన్నారు. విదేశాల నుంచి వచ్చిన ఇల్లని తలుపుకు కాగితం అంటించిపోయారు. రాహేలమ్మ ఆమె కంచం, గ్లాసు వేరుగా పెట్టించి గొడ్ల చావిడి పక్కన కూర్చుని తినమన్నది. కంచం వేరు. వంట మాత్రం ఆమెదే. ఆ చేత్తో వండింది తింటే రాని జబ్బు ఆ చేత్తో పట్టుకున్న గ్లాసుకు ఎట్లా వస్తుందని ఆమె అడగలేదు, వాళ్ళకూ తోచలేదు.

తర్వాత విమానాలు ఆగిపోయాయి. ఇండియా వాళ్ళు నేరుగా రాకూడదన్నది కువైట్. వేరే దేశంలో పద్నాలుగు రోజులుండి రావచ్చన్నారు. అట్లా ఉండేంత స్తోమత ఈ వీధిలో ఎవరికుంది? పది రోజులకొక రూలు మారేది. ఏజెంటు పంపే వాయిస్ మెసేజిల కోసం వీధంతా చెవులు రిక్కించి కూర్చునేది. నాలుగిళ్ళలో నాలుగు పెట్టెలు సర్ది ఉండేవి. కువైట్ ఇంటి మేడమ్ మాత్రం సుకుమారి అకామాను, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితాన్ని, ఆమె అక్కడ లేకపోయినా ఒకసారి పొడిగించింది. ఇంక పొడిగించనని కూడా చెప్పింది.

ఇంట్లో మాటలు కూడా నెలనెలా మారుతూ వచ్చాయి. "మా కోడలు కువైట్" అన్న నోరే "ఎప్పుడు పోతాదో ఏమో" అన్నది. రెండో ఏడు వచ్చేసరికి "కూర్చుని తింటా ఉండాది" అన్నది. ఆ రెండేళ్ళలో సుకుమారి ఎప్పుడు కూర్చుందో ఆ దేవుడికే తెలియాలి.

రెండో తడవ జబ్బు పెద్దగా వచ్చినప్పుడు ఆనందమ్మ పోయింది. నలుగురే మోసుకుపోయారు. ముఖం కడగనివ్వలేదు, దగ్గరికే రానివ్వలేదు. అవ్వ గుడిసె ఖాళీ చేసేటప్పుడు రేకుపెట్టెలో రెండు చీరలు, బైబిలు, దాని మధ్యలో మడిచి పెట్టిన కాగితం దొరికాయి. సుకుమారి ఐదో తరగతి టీసీ అది. పుట్టిన తేదీ ఉంది, ఎనభై ఎనిమిది. అక్షరం ముక్క రాని మనిషి దాన్ని అన్నేళ్ళు ఎందుకు దాచిందో.

ఇరవై ఒకటి జూలైలో కబురొచ్చింది. రెండు టీకాలు వేయించుకున్నవాళ్ళను కువైట్ రానిస్తుందని. సుకుమారి రెండూ వేయించుకుని ఉంది. ఏజెంటు కాగితాలన్నీ చూసి తల గోక్కున్నాడు. టీకా కాగితం ఆధార్‌ను బట్టి వచ్చింది, అందులో ఎనభై ఎనిమిది. పాసుపోర్టులో ఎనభై.

"అక్కడ ఎయిర్‌పోర్టులో మిషన్ ఒప్పుకోదు. పాసుపోర్టు మార్చాలంటే నెలలు పడతాది. ఆత్మకూరు పోయి ఆధార్‌లోనే ఎనభై చేయించండి. ఈ పాసుపోర్టు చూపిస్తే చేస్తారు. అకామా ఆగస్టు ఆఖరుకు సరి, తర్వాత దేవుడు దిగొచ్చినా లేదు."

సుకుమారి సరేనన్నది. ఆమెకూ పోవాలనే ఉంది. అశ్విత చదువు కోసం అనుకునేది. లోపల ఇంకొకటి కూడా ఉంది. తన పనికి పేరున్న చోటికి పోవాలని.

ఆ గిన్నెలు తోమిన పొద్దున్నే ఆత్మకూరు బయల్దేరాలి. చేతులు కడుక్కుని లోపలికొస్తుంటే రాహేలమ్మ కొడుకును అడుగుతోంది. "ఇంత చేసినా ఆ మిషన్ పట్టుకుంటే ఏంది గతి?"

యేసుబాబు అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. "పట్టుకుంటే పట్టుకోనీ. అశ్వితకు పన్నెండు వచ్చె గదా. ఇంకో ఆరేళ్ళు. పొడుగు మనిషి, ముప్పై అన్నా నమ్ముతారు. వయసుదేముంది, వేస్తే పడతాది."

అశ్విత అక్కడే గోడకానుకుని ఫోన్‌లో స్కూలు పాఠం వింటోంది. తలెత్తి, గాజుల కొలత అడిగినంత మామూలుగా అడిగింది. "నాకు ఎన్నేళ్ళు వేస్తారు నాయనా?"

"పన్నెండు చాలులే" అని నవ్వాడు.

అశ్విత కూడా నవ్వింది. తొమ్మిదేళ్ళ కిందట ఇదే గడపలో తను నవ్విన నవ్వు అచ్చం అట్లాగే ఉండి ఉంటుందని సుకుమారికి అనిపించింది. ఆ పూట ఒకరు తిండి మానేసి ఏడ్చారు. ఈ పూట ఏడవడానికి ఆ ముసలామె లేదు. తను పుట్టిన రోజు చూసిన కళ్ళు ఈ భూమ్మీద ఇంక లేవు. ఈరోజు ఆధార్‌లో కూడా మారితే ఆ కందుల కాలం ఎక్కడా ఉండదు. తర్వాత ఈ పిల్లది. దీనికి ఎవరో పన్నెండేళ్ళు పోస్తారు, ఆ పన్నెండేళ్ళు ఎవరు సాకారని అడిగే మనిషి కూడా ఉండదు.

సంచిలో పాసుపోర్టు పెట్టుకుంది. బైబిలు తెరిచి టీసీ కూడా తీసి పెట్టుకుంది.

ఆత్మకూరు ఆధార్ సెంటర్లో కరోనా రూలు, లోపలికి ఒక్కరే. యేసుబాబు టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. లోపల శ్రీకృష్ణ అనే కుర్రాడు మిషన్ ముందు కూర్చుని, పాసుపోర్టు తిరగేసి చూశాడు.

"ఎనభై చేయాలా అక్కా? ఈ వారంలో ఇట్టాంటివి నువ్వు ఆరో మనిషివి. ఒకసారి మారిస్తే మళ్ళీ మార్చేది శానా కష్టం, చెప్తా ఉండా. చేసేదా?"

సుకుమారి చేయి చాపి పాసుపోర్టు తీసుకుంది. "ఇది మార్చాలంటే యాడికి పోవాల నాయనా?"

"పాసుపోర్టా? దానికి నెల్లూరు పోవాల. పుట్టిన తేదీకి రుజువుండాల. ముందర తప్పు ఎందుకు రాయించినావని అడగతారు. ఫైను కూడా వేస్తారేమో."

"టీసీ ఉండాది."

"ఉంటే అవతాదేమో గానీ నెలలు పడతాది అక్కా. ఈలోపల నీ అకామా పోతాది గదా."

"పోతాది" అన్నది.

కుర్రాడు వెనకనున్న మనిషిని పిలిచాడు. సుకుమారి పాసుపోర్టును సంచిలో టీసీ పక్కన పెట్టుకుంది. కువైట్ ఇంటి వంటగది, ఆ పరుపు, జీతం చేతికొచ్చే నెల చివరి రోజు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఇంటికి పోతే రేపటి నుంచి వినబోయే మాటలు కూడా వినిపించాయి. సంచి భుజానికి తగిలించుకుని బయటికొచ్చింది.

యేసుబాబు టీ గ్లాసు కింద పెట్టాడు. "అయిందా?"

"అయింది."

"ఇప్పుడు నీకెంత ఏమే? నలభై ఒకటా?" అని నవ్వాడు.

"ముప్పై మూడు" అన్నది సుకుమారి. "అశ్వితకు పన్నెండు."