పాస్ లేదు

మా ఆరోగ్యం కోసమట! ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రింటింగ్ ప్రెస్సులో కాగితం కోస్తున్నాను. తిన్నావా అని మా ఓనరు ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి ప్రెస్సు వెనక ఖాళీ జాగాలో గోడకు బాస్కెట్‌బాల్ రింగు బిగించాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారినొకరిని పట్టుకొచ్చాడు. రోజూ సాయంత్రం అరగంట అందరూ ఆట నేర్చుకోవాలన్నాడు. ఈ కాకమ్మ కథలు నా దగ్గరా? ఎవరికి సత్తువ తగ్గిందో, ఎవరిని సాగనంపాలో తేల్చుకోవడానికే ఇదంతా అని మొదటి రోజే పసిగట్టాను.

నా భయం నాది. నా ఎడమ కన్ను పోయి ఏడాది దాటింది. మాది పాత కటింగ్ మెషీను. కాలితో తొక్కితే బ్లేడు దిగుతుంది. దాని ముందు నిలబడేవాడికి ఒక కన్నే పనిచేస్తోందని తెలిస్తే ఆ పూటే తప్పిస్తారు. అందుకే మా ఆవిడకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

బైండింగ్ చేసే అమ్మాయి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. పోయినేడు ఎవరూ అడక్కుండానే తన బల్ల ఈడ్చుకొచ్చి సరిగ్గా నా ఎడమ పక్కన వేసుకుంది.

"ఇక్కడ వెలుతురు బావుంది బాబాయ్" అంది.

వెలుతురా, నా మొహమా! ఆ మూల ట్యూబ్‌లైటు సగం రోజులు వెలగనే వెలగదు. నేను కాగితాలు సర్దుతున్నంతసేపూ కుట్టే పని ఆపి మరీ నా చేతుల వంక చూస్తుంది. పని నేర్చుకుని నా సీటుకు ఎసరు పెట్టడానికి కాకపోతే ఇంకెందుకు?

మాస్టారు మాత్రం ఓపికగానే నేర్పేవారు. "అరచేత్తో బాదకండి. వేళ్ళ చివర్లతో నెట్టండి. బంతి వంక చూడొద్దు, తల పైకెత్తండి" అనేవారు. అది నాకు రెండు రోజుల్లో పట్టుబడింది. ఒక కాలు నేలకు ఆనించి రెండో కాలితో తిరగడమూ వచ్చేసింది. బంతిని ఛాతీ దగ్గర పట్టుకుని పక్కవాళ్ళకు విసరడం దగ్గరే వచ్చింది చిక్కు. కుడి వైపున్నవాళ్ళకు ఇచ్చేవాణ్ణి. ఆ అమ్మాయి మాత్రం పనిగట్టుకుని రోజూ ఎడమ వైపే నిలబడి "బాబాయ్, ఇటు! ఇటు!" అని ఒకటే కేకలు. నలుగురిలో నా గుట్టు రట్టు చేయాలని చూస్తోందని ఒళ్ళు మండేది. చస్తే అటు విసిరేవాణ్ణి కాదు.

మాస్టారు చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. ఐదో రోజు ఆయన నీళ్ళు తాగడానికి వెళ్తూ దాన్ని అరుగు మీద వదిలేశారు. ఎవరూ చూడకుండా తెరిచాను. నా పేరు ఎదురుగా ఎర్ర సిరాతో రెండే మాటలు: పాస్ లేదు.

అనుకున్నంతా అయింది, పరీక్ష తప్పాను. తలెత్తి చూస్తే కుళాయి దగ్గర ఆ అమ్మాయి మాస్టారితో నవ్వుతూ మాట్లాడుతోంది. ఇంకేముంది, ఇక ఆగలేకపోయాను.

"చెప్పేశావు కదూ? నీ కడుపు చల్లబడిందా?" అంటూ మీదికి వెళ్ళాను.

"ఏం చెప్పాను బాబాయ్?"

"ఏమీ తెలీనట్టు నటించకు! నా ఎడమ కన్ను కనిపించదని చెప్పలేదూ?"

అందరూ నావంకే చూస్తున్నారు. గుమ్మంలో ఓనరు కూడా ఉన్నాడు.

మాస్టారు నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. "పాస్ అంటే బంతి పక్కవాళ్ళకివ్వడం అండీ. ఈ అమ్మాయికి మీరు ఒక్కసారీ ఇవ్వట్లేదని రాసుకున్నాను. కంటి సంగతి నాకు ఇప్పుడే తెలిసింది."

ఎవరూ నన్నేమీ చేయలేదు. నా నోటితో నేనే నా పొట్ట కొట్టుకున్నాను.

"నాకు తెలుసు బాబాయ్" అంది ఆ అమ్మాయి మెల్లగా. "పోయినేడు నీ ఎడమ చెయ్యి బ్లేడు కింద ఉండగానే తొక్కబోయావు. నేను చటుక్కున నీ చెయ్యి లాగాను. కాగితాలన్నీ కింద పడేశానని నన్ను నానా తిట్లూ తిట్టావు. ఆ మర్నాడే బల్ల ఇటు తెచ్చుకున్నాను. ఆటలోనూ అందుకే అటే నిలబడి కేకేసేదాన్ని, నా గొంతు విని విసురుతావని."

ఓనరు దగ్గరికొచ్చి, రేపటి నుంచి నేను అచ్చయిన కాగితాలు సరిచూసే పని చేయాలన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"ఏమ్మా, మెషీను నువ్వు నేర్చుకుంటావా?"

"అమ్మో, నా వల్ల కాదు సార్" అని రెండడుగులు వెనక్కి వేసింది. "ఆ బ్లేడు చప్పుడు వింటేనే నాకు చేతులు వణుకుతాయి. ఇప్పుడిక నా బల్ల పాత చోటికి తీసుకెళ్ళొచ్చా?"