అరఠావు పరిచయం

గూడెం రచయితల సంఘం కార్యదర్శిని అందరూ సెక్రటరీ గారనే పిలుస్తారు. ఆయనకు ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని చివర్లో చెప్తాను. పేరు చివర చెప్పడం ఆయన పెట్టిన పద్ధతే మరి. ఆయన కథకు ఆ మాత్రం మర్యాద చెయ్యకపోతే బాగుండదు.

సంఘానికి ప్రతి నెలా రెండో ఆదివారం ఒక అతిథి వస్తారు. కథ ఎలా రాయాలో, పద్యం ఎలా చదవాలో చెప్పి, శాలువా కప్పించుకుని సాయంత్రం రైలుకి వెళ్ళిపోతారు. ఆ అతిథిని సభకు పరిచయం చేసే కాగితం రాయడం సెక్రటరీ గారి పని. పూర్తి ఠావు కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో, ఇంత మార్జిను వదిలి రాస్తారు. పుట్టిన ఊరితో మొదలుపెట్టి, ‘వీరు’ అనీ ‘వారు’ అనీ నడిపించి, చిన్నప్పటి సంగతులూ ఇంటి ముచ్చట్లూ అన్నీ చెప్తారు గానీ పేరు మాత్రం రాయరు. చదివేవాళ్ళు ఆఖర్న గొంతు పెంచి చెప్పాలి.

“ముందే పేరు చెప్పేస్తే చప్పట్లు ముందే అయిపోతాయండి. ఆ తరవాత చెప్పేది ఎవరూ వినరు” అనేవారు.

ఇరవై రెండేళ్ళలో రెండు వందల పైచిలుకు మనుషుల్ని ఆయన అలా ఆకాశానికెత్తేశారు. అంతమందిలో ఒక్కరైనా తిరిగి ఒక కార్డు ముక్క రాశారా అంటే, ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

కిందటి నెల అధ్యక్షులు సుబ్బారావు గారికి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది.

“ఇరవై రెండేళ్ళు చాకిరీ చేశారు. మీకు సన్మానం చెయ్యకపోతే ఏం బాగుంటుందండీ?”

ఇరవై నిండినప్పుడు మరిచిపోయారు, ఇరవై అయిదు దాకా ఆగే ఓపిక లేదు, అందుకని ఇరవై రెండు. విడిగా సభ పెడితే జనం రారు కాబట్టి కథా వర్క్‌షాపు జరిగే ఆదివారం సాయంత్రమే ఆ ముచ్చటా కానిచ్చేద్దామన్నారు. శాలువా తేవడం, దండ చెప్పడం, ఫ్లెక్సీ వేయించడం మామూలుగా సెక్రటరీ గారి పనులు. ఈసారీ ఆయన పనులే అయ్యాయి. తన సన్మానానికి శాలువా తనే వెళ్ళి రంగు చూసి కొనుక్కున్న మనిషిని నేనింకొకర్ని ఎరగను.

“పరిచయం కూడా మీరే రాసేద్దురూ. మీ అంత బాగా మాకెవరికి చేతనవుతుంది?” అని సుబ్బారావు గారు చేతులు దులుపుకున్నారు.

సెక్రటరీ గారు ఉండేది పెంటపాడులో. ముందు గదిలో నోటుపుస్తకాల కొట్టు, వెనక గదిలో ఆయన. గూడెంలో ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ ఆ వెనక గది చూసినవాళ్ళు కారు. అక్కడ కూర్చుని మూడు సాయంత్రాలు తన గురించి రాసుకున్నారు. ఎదటివాళ్ళ గురించైతే కలం ఆగేది కాదు. తన దగ్గరికొచ్చేసరికి నాలుగు వాక్యాల తరవాత ఇంక ఏమీ తోచలేదు. నాలుగు వాక్యాలకి ఠావు దండగని, చించి అరఠావు మీదే రాశారు.

“వీరు పెంటపాడులో పుట్టారు. వెంకటనరసమ్మ గారి అబ్బాయి. నోటుపుస్తకాల కొట్టు నడుపుతారు. ఇరవై రెండేళ్ళుగా మన సంఘానికి కార్యదర్శి.”

అందులో రెండో వాక్యం కోసమే ఆయన సన్మానానికి ఒప్పుకున్నది. మొదటి పదమూడేళ్ళూ అతిథులకి చేతిలో పెట్టి పంపిన సున్నుండలు ఆ వెంకటనరసమ్మ గారు చేసినవే. శనివారం మినుములు వేయించి, తిరగలిలో విసిరి, నెయ్యి కాచి, ఉండలు చుట్టి డబ్బాలో సర్దేది. అతిథులు నోట్లో వేసుకుని “మీ సంఘం సున్నుండలు అద్భుతమండీ” అనేవారు. ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు. ఆవిడ పోయాక కొట్లోవి కొని ఇస్తుంటే, రుచి మారిందేమని కూడా ఎవరూ అడగలేదు. ఆయనకి కోపం రాలేదు, బాధేసింది. ఇన్నాళ్ళకి ఆ మైకులో, ఆ జనం మధ్య, అమ్మ పేరు ఒక్కసారి వినపడాలి. అంతకు మించి ఆయనకి కోరికేమీ లేదు.

ఆదివారం పొద్దున్న రైలుకి అతిథి దిగారు. విజయకుమారి గారు ఏలూరు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. పుట్టింది కొల్లేరు లంకల్లో. అక్కడి మనుషుల మీద కథలు రాస్తారు. ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో మన సెక్రటరీ గారికి కొట్టినపిండి గనక, ఆవిడ మెట్టు దిగేసరికి ఎదురుగా ఉన్నారు. ఆటో ఎక్కి స్టేషను దాటారో లేదో ఆవిడ అడిగేశారు.

“మీకెవరెవరున్నారండీ?”

అతిథుల్ని తను అడగాలి గానీ తనని అతిథులు అడగడమేమిటనుకున్నారు సెక్రటరీ గారు.

“ఎవరూ లేరండి. అమ్మ ఉండేది. పోయి తొమ్మిదేళ్ళయింది.”

“పెళ్ళి చేసుకోలేదా అండీ?”

“సంబంధాలు చూస్తూ చూస్తూ ఉండగా నాన్న పోయారండి. ఆ తరవాత చూసేవాళ్ళు లేకపోయారు.”

“మరి భోజనం?”

“నేనే వండుకుంటానండి. ఒక్కడికే కదా, పొద్దున్న వండిందే సాయంత్రానికీ సరిపోతుంది.”

ఆవిడ అయ్యో అనలేదు, తల ఊపారంతే. అప్పటికే ఆటో హాలు ముందు ఆగింది. ఇంకో రెండు వీధులు తిప్పి తీసుకొచ్చి ఉంటే ఇతని సొమ్మేం పోయేదని ఆటో అతని మీద సెక్రటరీ గారికి అకారణంగా కోపమొచ్చింది.

వర్క్‌షాపులో ఆవిడ పెద్ద మాటలేమీ చెప్పలేదు.

“ఆసుపత్రికి మనిషి రాగానే మేం అడిగేవి మూడండి. వెంట ఎవరొచ్చారు? ఏం తిన్నారు? రాత్రి నిద్ర పట్టిందా? ఈ మూడూ తెలిస్తే సగం మనిషి తెలిసినట్టే. మీరు కథలో పాత్రనీ ఈ మూడూ అడగండి. ముందు అలవాటవ్వాలి కదా, మీ పక్కన కూర్చున్నవారిని అడిగి, విన్నది రాయండి.”

ముప్పై మంది వచ్చారు. కుర్చీలు అటూ ఇటూ జరిపి పదిహేను జతలయ్యారు. హాలంతా సంతలా మాటలు. సెక్రటరీ గారు ముప్పై ఒకటో మనిషి. తలుపు దగ్గర మంచినీళ్ళ క్యాను మీద చెయ్యేసుకుని నిలబడ్డారు.

“మీ జత ఎవరండీ?” అని విజయకుమారి గారు దూరాన్నించి అడిగారు.

“నేను భోజనాల సంగతి చూడాలండి” అని ఆయన మెట్లు దిగిపోయారు. భోజనాలు అప్పటికే వచ్చి ఉన్నాయి. కాసేపు గిన్నెల మీద మూతలు సరిచేసి వచ్చారు.

సాయంత్రం నాలుగున్నరకి సన్మానం. అద్దెకి తెచ్చిన ఎర్ర ముఖమల్ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. మైకు దగ్గర ఇందుజ. బ్యాంకులో పని చేస్తుంది, ఏడాదిగా సభలు ఆ అమ్మాయే నడుపుతోంది, గొంతు బాగుంటుంది.

“ఫైల్లో పైనే పెట్టానమ్మా” అని ఆయన పొద్దున్నే చెప్పి ఉంచారు. పెట్టిన మాట నిజమే. ఇందుజ ఫైలు తెరవగానే అరఠావు ముక్క మీద నాలుగు వాక్యాలు కనిపించాయి. సెక్రటరీ గారి పరిచయమంటే ఠావు నిండా ఉంటుందని ఆ అమ్మాయికి తెలుసు. ఇదేదో ఆయన గుర్తు కోసం రాసుకున్న చీటీ అనుకుని, తీసి పక్కనున్న టీ గ్లాసు కింద పెట్టింది. దాని అడుగున పూర్తి ఠావు ఉంది. గుండ్రటి అక్షరాలు, మార్జిను, పేరు లేదు. ఇదే అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు.

అది కిందటి నెల రావలసిన అతిథిది. మోకాలి ఆపరేషనని ఆయన రాలేదు, కాగితం ఫైల్లో ఉండిపోయింది.

“అత్తిలి దగ్గర వరిచేల మధ్య ఓ చిన్న పల్లెలో వీరు కళ్ళు తెరిచారు” అని ఇందుజ మొదలుపెట్టింది.

సెక్రటరీ గారు ముందు తన చెవుల్నే నమ్మలేదు. తరవాత వాక్యాలు గుర్తుపట్టారు. తను రాసినవే.

“వీరి ప్రతి రచనకూ తొలి శ్రోత అర్ధాంగి. ఆమె ఊఁ అంటేనే అది బయటికి వస్తుంది. ఇద్దరు కూతుళ్ళూ అల్లుళ్ళూ మనవలూ చేరితే ఆ ఇంట్లో ప్రతి ఆదివారం పండగే. పెరట్లో సన్నజాజి పందిరి కింద, పదిమంది మధ్య కూర్చుని రాయడమంటే వీరికి ఇష్టం.”

ఎవరో ఒకరు ఆపుతారని ఆయన హాలంతా చూశారు. ముప్పై మందిలో సగం మంది ఇరవై రెండేళ్ళుగా ఎరిగినవాళ్ళు. అందరూ హాయిగా తలలూపుతున్నారు. ముందు వరసలో విజయకుమారి గారొక్కరే చటుక్కున తలెత్తి ఆయన వంక చూశారు.

“ఆ సహృదయులు మరెవరో కాదు, మన సెక్రటరీ గారు!” అని ఇందుజ గొంతు పెంచింది. పేరు చెప్పాలని ఆ అమ్మాయికి తట్టలేదు. చప్పట్లు మోగిపోయాయి.

సుబ్బారావు గారు శాలువా కప్పుతూ చెవి దగ్గర నిష్ఠూరమాడారు. “ఇద్దరమ్మాయిల పెళ్ళిళ్ళు చేసి ఒక్క శుభలేఖైనా పంపలేదేమండీ? భోజనాలు ఎగ్గొట్టారన్నమాట!”

ఆయన మైకు దగ్గరికి వచ్చారు.

“ఇప్పుడు చదివింది నా గురించి కాదండి.”

సన్మానం చేయించుకున్న ప్రతివాడూ అనే మాటే కదా. జనం చప్పట్లు కొట్టారు.

“నిజంగానే కాదండి. ఆయన వేరు, నేను వేరు.”

“ఎంత వినయమండీ!” అని సుబ్బారావు గారు పైకే అన్నారు. మళ్ళీ చప్పట్లు. సెక్రటరీ గారు పక్కకి చూస్తే ఇందుజ మొహం వెలిగిపోతోంది. ఇంకొక్క మాటతో ఆ వెలుగు ఆరిపోతుంది. ఆ పిల్లని పదిమందిలో చిన్నబుచ్చడం ఆయన వల్ల కాలేదు. వందన సమర్పణ కూడా ఆయన పనే గనక, హాలు ఇచ్చినవారికీ, మైకు పెట్టినవారికీ, భోజనాలు వండినవారికీ వరసగా కృతజ్ఞతలు చెప్పి ముగించారు. కుర్చీలు సర్దుతున్నప్పుడు టీ గ్లాసు కింద అరఠావు కనిపించింది. మడిచి జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం రైలుకి విజయకుమారి గారిని దించడానికి ఆయనే వెళ్ళారు. ప్లాట్‌ఫారం మీద ఆవిడ చేతిలో సున్నుండల డబ్బా, ఆయన చంకలో శాలువా.

“ఆ కాగితం ఎవరిదండీ?” అని ఆవిడ అడిగారు.

ఆయన చెప్పారు.

“అన్నేళ్ళుగా చూస్తున్నారు, ఒక్కరికీ తెలీలేదా అండీ?”

“వాళ్ళ తప్పేం లేదండి. నేనెప్పుడూ చెప్పలేదు.”

“వాళ్ళూ ఎప్పుడూ అడిగి ఉండరు” అన్నారావిడ. “మరి మీదేదీ?”

జేబులోంచి తీసిచ్చారు. మధ్యలో టీ గ్లాసు మచ్చ గుండ్రంగా ఉంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, సభలో చదివినట్టే పైకి చదివారు. “వీరు పెంటపాడులో పుట్టారు. వెంకటనరసమ్మ గారి అబ్బాయి…”

ఆ పేరు ఇంకో మనిషి గొంతులో విని తొమ్మిదేళ్ళయింది. ఆయనకి కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్క బెంచీ మీది ఉల్లిపాయల మూటలాయన చూస్తాడని కూడా అనుకోలేదు. సున్నుండల సంగతి చెప్పారు. శనివారాలు, మినుములు, నెయ్యి, పదమూడేళ్ళు.

ఆవిడ చేతిలో డబ్బా వంక చూసుకున్నారు. “ఇవీ?”

“ఇవి కొట్లోవండి. అమ్మవి అయిపోయాయి.”

రైలు వచ్చింది. ఆవిడ కాగితం తిరిగిచ్చి, “ఇంకా చోటుందండి ఇందులో. రాయండి” అని ఎక్కారు. తలుపు దగ్గర నిలబడి చెయ్యూపారు కూడా. మంచి మనిషే, కానీ ఏలూరు మనిషి. వచ్చే నెల ఇంకొకరొస్తారు, వాళ్ళు ఇంకేదో చెప్పి వెళ్తారు. చివరి బోగీ కనుమరుగయ్యే దాకా నిలబడడం సెక్రటరీ గారి అలవాటు. అలాగే నిలబడ్డారు.

తరవాత బెంచీ మీద కూర్చుని కలం తీశారు. ఈసారి మూడు సాయంత్రాలు పట్టలేదు.

“వీరి వెంట ఎవరూ లేరు. ఈ సంగతి తెలిసినవారు ఒక్కరే. వారి రైలు ఇప్పుడే వెళ్ళింది.”

అలవాటు కొద్దీ అక్కడ ఆపేశారు. పేరు చదివేవాళ్ళు చెప్పాలి. అటూ ఇటూ చూశారు. ఉల్లిపాయల మూటలాయన కూడా రైలెక్కి వెళ్ళిపోయాడు. ఇంక చదివేవాళ్ళెవరూ లేరు గనక కింద తనే రాసుకున్నారు.

నరసింహమూర్తి.