తిమింగలం వీపున ముల్లు

తిమింగలాలు ఏ దారిన వలసపోతాయో గీయడం నా ఉద్యోగం. ఆరు తిమింగలాల వీపుల్లోకి నా చేత్తోనే ఉక్కు మొనలున్న ట్యాగులు దించేను. ఐదింటి ట్యాగులు వేసవిలోనే మూగబోయేయి. మిగిలిన ఒక్కటీ పదకొండు రోజులుగా కదలడం లేదు. కంప్యూటర్లో దాని చుక్క ఓడలరేవు తీరాన ఒకేచోట వెలుగుతోంది. ట్యాగు నీళ్ల పైకి తేలితేనే ఉపగ్రహానికి కబురు పంపుతుంది. ఇదేమో గంటగంటకీ పంపుతోంది. అలిసిపోయి ఒడ్డు దగ్గర తేలుతోందిలే అని నాకు నేనే అబద్ధం చెప్పుకుని బయల్దేరేను.

చుక్క నన్ను సముద్రానికి కాదు, ఒడ్డునున్న పల్లెలో నూకాలమ్మగారనే పెద్దావిడ వాకిట్లోకి తీసుకెళ్లింది. తులసికోట మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మందార పువ్వు పక్కన ఉంది నా ట్యాగు.

"ఇదెక్కడిదండీ?" అన్నాను.

ఆవిడ నా చేతికి కొబ్బరినీళ్ల గ్లాసు ఇచ్చింది.

"గంగమ్మతల్లి ఒడ్డుకొచ్చి పడిపోయిందండీ. వీపంతా చీము. ఊరంతా బిందెలతో నీళ్లు పోసేరు. ఈ ముల్లు పీకితే తేరుకుంటుందనుకున్నామండీ. తెల్లారేసరికి ప్రాణం పోయింది. కొత్త చీర కప్పి పూడ్చేరు."

ఆవిడ ట్యాగు మొన మీద వేలు పెట్టి చూపించింది.

"ఎంత లోతుకి దిగ్గొట్టేడండీ, పాపిష్టోడు! వాడి చెయ్యి పడిపోను! మీరు చదువుకున్నోరు, వాడెవడో మీరైనా కనిపెట్టండమ్మా."

నా కుడిచేతిలో కొబ్బరినీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది.