పుర్రచేతి మడతలు

కూరు పెట్టిన పిండిరేకుకు పద్దెనిమిదో మడత వేసి, కొస నొక్కి, ఆ డంప్లింగును పళ్ళెంలో పెట్టి ఆమె ఇంకో పిండిరేకు అందుకుంది. పొద్దున్న ఎనిమిదింటికి కూర్చున్న మనిషి, పదకొండు కాకుండానే మూడు వందలు దాటించింది. వంటింట్లో అందరూ ఆమెను 'చెల్లి' అంటారు. యాభై రెండేళ్ళు వచ్చి, మోకాళ్ళు పట్టేసి, చత్వారం ముదిరినా చెల్లే. మనవలున్న పెద్ద వంటాయన కూడా నోరారా "చెల్లీ" అనే పిలుస్తాడు. పదకొండేళ్ళపాటు ఆమె పక్కన అక్క కూర్చునేది మరి. అక్క పోయి ఏడు వారాలైంది. పిలుపు మాత్రం అలాగే ఉంది.

అది చైనా వంటల హోటలు, అందులోనూ బాగా ఖరీదైనది. హాల్లో నల్లరాతి గోడలు, ఒక్కో బల్ల మీదికి ఒక్కో దీపం, గుసగుసగా మాట్లాడుకునే జనం. హాలుకూ, డంప్లింగులు చుట్టే గదికీ మధ్య గోడలో, బల్ల ఎత్తుకు, జానెడు వెడల్పున పొడవాటి గాజు అద్దం బిగించారు. భోంచేసేవాళ్ళకు అందులోంచి పిండి, బల్ల, చేతులు కనబడతాయి, ముఖాలు కనబడవు. ఆ ఏర్పాటు చేసినవాడెవడోగానీ గడుసువాడే. ముఖం కనబడితే అలసట కూడా కనబడుతుంది కదా. "వీళ్ళ లెక్కన మనకి తలకాయల్లేవే" అని అక్క పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

అక్కది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా మారలేదు. చెల్లి మడతలు కుడికి తిరిగితే అక్క మడతలు ఎడమకు తిరిగేవి. రెండూ కలిస్తే కంటికి ఇంపుగా ఉండదని పెద్ద వంటాయన వేటి ఆవిరి బుట్టలు వాటికే పెట్టించాడు. కూర్చోవడంలోనూ అదే పద్ధతి. మోచేతులు కొట్టుకోకుండా అక్క ఎడమపక్క, చెల్లి కుడిపక్క, మధ్యలో భుజానికి భుజం ఆనించి. ఇప్పుడు బల్లంతా నీదే కదా, మధ్యకు జరుగు అంటే ఆమె వినదు. మొన్నటికి మొన్న ఎడమ భుజానికి ఏదో వెచ్చగా తగిలినట్టయి, "జరగవే, ఇరుగ్గా ఉంది" అని పైకే అనేసింది. అన్నాక తల తిప్పకుండా వరసగా పాతిక చుట్టింది. ఆ ఖాళీ స్టూలును చూడాలంటేనే ఆమెకు భయం.

మంచుపెట్టె అడుగు అరలో అక్క చుట్టినవి ఒక పళ్ళెం మిగిలాయి. సరిగ్గా ఎనిమిది, ఒక బుట్టకు సరిపడా. వంటింట్లో నియమం ఒకటుంది: పాత తేదీది ముందు పోవాలి. అందుకని ప్రతి సోమవారం ఆమె ఆ పళ్ళెం మీది చీటీ పీకేసి, ఆ రోజు తేదీ వేసిన చీటీ అంటిస్తూ వచ్చింది. దొంగపనేనని తెలుసు. కానీ అక్క కుట్టిన చొక్కా లేదు, రాసిన ఉత్తరం లేదు, కన్న బిడ్డ లేదు. ఆ ఎనిమిదీ పోతే అక్క చేత్తో చేసింది ఈ లోకంలో ఇంకేమీ ఉండదు.

పన్నెండున్నరకు హాలు పక్కనున్న విందు గదిలో ఇరవై మంది ఒక్కసారిగా దిగారు. వంటింట్లో ఊపిరి సలపని పని. ఆవిరి పొయ్యి చూసుకునే మనిషి ఈమధ్యే చేరాడు. వయసు నలభై దాటింది, చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. బుట్టలు ఎత్తుతూ దించుతూ చెమటలు కక్కుతున్నాడు. చెల్లి కొత్త పళ్ళేలు మంచుపెట్టెలో సర్దడానికి వెళ్ళి, అలవాటు కొద్దీ అడుగు అర లాగింది. అర ఖాళీగా ఉంది.

"అన్నా, ఈ కింది అరలో పళ్ళెం ఏది?"

"పంపించేశా చెల్లీ, నాలుగో బల్లకి. అన్నిట్లోకీ పాతది అదేగా."

"పాతదేంటి? మొన్న సోమవారంది కదా!"

ఆయన అయోమయంగా చూసి, తీసి పక్కన పడేసిన చీటీ చేతికిచ్చాడు. రాత ఆమెదే. తేదీ మాత్రం అక్క పోయిన రోజుది. సోమవారం పొద్దున్న ఏ ధ్యాసలో ఉండి రాసిందో, ఆమెకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పిండి అంటిన చేతులతోనే హాల్లోకి నడిచింది. పదకొండేళ్ళలో అటు అడుగు పెట్టడం అదే మొదలు. "ఏంటండీ ఇది, లోపలికెళ్ళండి" అని హాలు చూసుకునే అమ్మాయి పళ్ళు బిగించి గొణిగింది. చెల్లి ఆగలేదు. పొరపాటున వచ్చాయండీ, వేరేవి తెస్తాను అని చెప్పి బుట్ట లాక్కొచ్చేయాలి. మాటలు నాలుక చివర సిద్ధంగా పెట్టుకుంది.

నాలుగో బల్ల దగ్గర ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చున్నాడు. మెడలోంచి తీయడం మరిచిపోయిన కొలతల టేపు వేలాడుతోంది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మూత తీసిన బుట్టలోకి ముక్కు తగిలేంతగా వంగి చూస్తున్నాడు. ఇంకా ఒక్కటీ తినలేదు. ఆమె చేతుల మీది పిండి చూసి ఆయన ముఖం విప్పారింది.

"లోపల పనిచేస్తావా అమ్మా? నేను టైలర్ని. నలభై ఏళ్ళుగా కుచ్చులు కుడుతున్నవాణ్ణి, ఎవరి చెయ్యో చూడగానే పట్టేస్తాను. ఆ ఎడంచేతి ఆవిడ అద్దంలోంచి కనబడటం మానేసి రెండు నెలలవుతోంది. అడిగితే ఇక్కడెవరూ చెప్పరు. ఇవాళ మూత తీశానా, ఆవిడే! మళ్ళీ పనిలోకొచ్చారన్నమాట."

ఆమె బుట్ట మీదికి చెయ్యి చాచింది. బుట్టలో ఎనిమిదీ పొగలు కక్కుతున్నాయి. ఆవిరికి మెత్తబడినవి ఇక ఏ మంచుపెట్టెలోనూ దాగవు. లాక్కెళ్ళి చేసేదేముంది? చల్లారిన డంప్లింగు ఎవరి ముందైనా పెడితే అక్క ఊరుకునేది కాదు.

"వచ్చిందండీ" అంది. "ఇవాళే ఆఖరు."

"అయ్యో, మానేస్తున్నారా?"

"అవునండీ."

"నీకేమవుతారు?"

"అక్క." వేళ్ళకంటిన పిండి నులుముకుంది. "నేను చెల్లిని."

పెద్దాయన కళ్ళద్దాలు దించుకుని ఆమెను చూశాడు. ఏం అర్థమైందోగానీ చెంచా అందుకున్నాడు.

"అయితే నిదానంగా తింటానమ్మా. ఒక్క మడత కూడా తప్పలేదని ఆవిడకి చెప్పు."

"చెప్తానండీ."

వెనక్కి వచ్చి, మోకాళ్ళు మూలుగుతున్నా వంగి అద్దంలోంచి చూసింది. ఆయన ఒక్కొక్కదాన్నీ చెంచాలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి చూసుకుని తింటున్నాడు. నాలుగైపోయాయి, ఐదైపోయాయి. వద్దని కేకపెట్టాలనిపించింది, తొందరగా కానివ్వండి బాబూ అనీ అనిపించింది. ఏడోది అయ్యాక ఆయన గుక్కెడు నీళ్ళు తాగాడు. ఎనిమిదోది నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఎడమ భుజానికి అంతదాకా ఆని ఉన్నదేదో మెల్లగా లేచి వెళ్ళినట్టయింది. ఈసారి తల తిప్పి చూసింది. ఎవరూ లేరు. నడుమెత్తి తన చోట కూర్చుని, ఏడు వారాల తర్వాత అప్పుడు ఏడ్చింది, అద్దంలోంచి చేతులు మాత్రమే కనబడతాయన్న ధైర్యంతో.

పెద్దాయన వెళ్ళిపోయాడు. నాలుగో బల్ల మీద వెదురుబుట్ట తెరిచే ఉంది. దాని అడుగున పరిచిన కాగితం మీద ఎనిమిది గుండ్రటి తడి మరకలు, అంచుల నుంచి ఒక్కొక్కటే ఆరుతున్నాయి.